పదిహేను కట్టల మీద పదకొండు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు వసంత టిఫిన్ డబ్బా మూత తీసింది. మూడున్నర దాటేదాకా అందులో చెయ్యి పెట్టలేదు.

కారణం రాజనర్సు. కోరుట్లకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి గీత కార్మికుల సంఘానికి ఆయన కార్యదర్శి. ఒక పెన్‌డ్రైవ్, ఎర్ర అట్ట రిజిస్టరు, చీవాట్లు తిన్న మొహం, ఈ మూడూ పట్టుకుని షాపు మెట్టెక్కాడు. ఆయన వెనకే దివాకర్ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముప్పై ఒక్కేళ్ల మనిషి. ఎనిమిదేళ్లు సిరిసిల్లలో మరమగ్గం మీద పనిచేసి, పోయిన నెలే ఊరికి తిరిగొచ్చాడు.

పొద్దున జగిత్యాల ఆఫీసులో లిస్టు ఇస్తే తిప్పి పంపారు. లిస్టులో తప్పేమీ లేదట, వాలకమే బాగాలేదట. కాగితాల మీద పేర్లు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉన్నాయి. ముందు నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, వాడ, చెట్లెన్ని, అన్నీ కామాలు పెట్టి ఒకే గీతలో. ఆఫీసుకు అట్లా పనికిరాదు. ఆరు గళ్ల పట్టిక కావాలి, ఏ గడిలో ఉండాల్సింది ఆ గడిలోనే ఉండాలి, కాగితం మీదా ఉండాలి, పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి. సాయంత్రం ఐదింటి లోపల ఇవ్వాలి. గడువు ఇవాళ్టితో ఆఖరు.

బస్టాండు ముందు ఉన్న పెద్ద షాపువాళ్లు చూసి, మొదటి నుంచి కొత్తగా టైపు చెయ్యాలి, రేపు సాయంత్రం రండి అన్నారు. అక్కడి నుంచి సందులోకి తిరిగితే రెండో షట్టరు వసంతది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మిషను, ఒక ఫ్యాను.

"అయితదా బిడ్డా, కాదా? గంతే జెప్పు," అన్నాడు రాజనర్సు.

"చూడకుండ ఎట్ల జెప్త మామా," అంటూ వసంత పెన్‌డ్రైవ్ పెట్టింది.

ఫైలు తెరుచుకునే లోపల ఆయన మిగతాది చెప్పాడు. ఈ లిస్టును బట్టి గీత కార్మికులకు కొత్త కార్డులు వస్తాయి. ఆ కార్డు ఉన్నవాళ్లకు, చెట్టు మీద కాలు జారినా మనిషిని పట్టి ఆపే కొత్త రకం మోకులు ఇస్తారు. దివాకర్ సంగతి ఇంకొంచెం గట్టిది. వాళ్ల నాయిన చెట్టు మీది నుంచి పడి పోయి ఈ నెలకు మూడేళ్లు నిండుతాయి. చనిపోయిన మనిషి నంబరును సంఘం మూడేళ్లు కాస్తుంది. ఆ లోపల ఇంట్లోవాళ్లు ఎవరైనా వచ్చి మోకు కట్టాలి. లేకపోతే నలభై తాటిచెట్లను పక్కవాళ్లకు పంచేస్తారు. దివాకర్ పేరుకు సంఘం తీర్మానం నిన్ననే అయింది. ఇవాళ్టి లిస్టులో 47వ నంబరు కింద అతని పేరు ఎక్కితే చెట్లు అతనివి. ఎక్కకపోతే కావు.

"నాకు సాంచ పని తప్ప ఏమొచ్చక్కా," అన్నాడు దివాకర్. "గది కూడ విడిచిపెట్టి అచ్చిన."

సాంచ అంటే సిరిసిల్లలో మరమగ్గం. వసంతకు ఆ మాట కొత్త కాదు. రుద్రంగిలో పుట్టింది, సిరిసిల్లలో చదువుకుంది. అమ్మ రాములవ్వ పక్కన కూర్చుని పదకొండో ఏటనే బీడీలు చుట్టింది. ఆ వేగం చూసే సిరిసిల్లలో డీటీపీ షాపు పెట్టుకున్న మధు, నీ వేళ్లు ఆకు మీద కంటే కీబోర్డు మీద ఎక్కువ పనికొస్తాయని పనిలోకి తీసుకున్నాడు. రెండేళ్లు ఆయన దగ్గర నేర్చుకుంది. పెళ్లై కోరుట్లకు వచ్చాక మళ్లీ కొన్నాళ్లు బీడీలే చుట్టింది. ఈ షట్టరు తెరిచి పదకొండేళ్లు. ఆమె తండ్రి వెంకటేశం కూడా గీత కార్మికుడే. రుద్రంగిలో ఆయన నంబరు పంతొమ్మిది. ఆడపిల్లలే కావడంతో ఆ నంబరు చెట్లు తర్వాత ఎవరికి పోయాయో ఆమె అడగలేదు.

ఫైలు తెరుచుకుంది. ఆఖరి పేరు ముందు 386 అని ఉంది. టైపు చేసింది రాజనర్సు కూతురు సుస్మిత, డిగ్రీ రెండో సంవత్సరం. చక్కగా చేసింది. ప్రతి గీతలోనూ కామాలు ఉండాల్సిన చోట ఉన్నాయి. వసంత ప్రాణం లేచొచ్చింది. కామాలు సరిగ్గా ఉంటే కొత్తగా టైపు చెయ్యాల్సిన పనే లేదు. మొత్తం సెలెక్ట్ చేసి, రాతను పట్టికగా మార్చు అని చెప్పి, కామా దగ్గర తెంపు అంటే చాలు. కంప్యూటరు తనే గళ్లు గీసుకుంటుంది.

చెప్పింది. గీసుకుంది. కానీ ఆరు రావాల్సిన గళ్లు ఐదే వచ్చాయి.

నంబరూ పేరూ ఒకే గడిలో ఇరుక్కుని ఉన్నాయి. రెంటినీ విడదీద్దామని నంబరు పక్కన కర్సరు పెట్టబోతే పెట్టనివ్వలేదు. నంబరు మీద క్లిక్ చేస్తే అదొక్కటే కాదు, పై నుంచి కింది దాకా నంబర్లన్నీ ఒక్కసారి బూడిదరంగుకు తిరిగాయి. చెరపబోతే చెరగవు, పట్టుకోబోతే దొరకవు. గడియారం రెండు ముప్పై ఐదు చూపించింది. గోడకు ఆనుకున్న దివాకర్ ఒక అడుగు ముందుకు వచ్చాడు.

వసంత సిరిసిల్లకు ఫోను కలిపింది.

"నంబర్ల మీద కొడితే అన్నీ ఒక్కపారి రంగు మారుతున్నయా?" అనడిగాడు మధు, ఆమె సగం చెప్పగానే.

"మారుతున్నయన్నా."

"అయితే గవి ఎవ్వరు టైపు కొట్టినయి కావు. మిషన్ తనంతట తాను ఏసుకున్నయి. గవి నీడలసుంటియి, అక్షరాలు కావు. ఫైలు మొత్తం తీస్కపోయి నోట్‌ప్యాడ్‌ల పడెయ్యి. గాడ నీడలు నడువయి, అక్షరాలు కావాల్సిందే. మళ్ల తెచ్చుకో." తర్వాత ఒక దెప్పు కూడా వేశాడు. "ఇరవై ఏండ్ల కిందనే జెప్పిన. గప్పుడు నీ కండ్లు కీబోర్డు మీద, మనసు రుద్రంగి బస్సు మీద."

వసంత ఫోను పెట్టేసింది. పట్టికను వెనక్కి తిప్పి, మొత్తం కాపీ చేసి, ఏ సోకులూ లేని ఆ నోట్‌ప్యాడ్‌లో పడేసింది. చూస్తే నిజంగానే నంబర్లు మామూలు అంకెలై కూర్చున్నాయి. ఒక్కో అంకె వెనక ఒక చుక్క, చుక్క వెనక టాబ్ కొట్టినంత ఖాళీ. మళ్లీ తెచ్చి వర్డ్‌లో పెట్టింది. కామాలన్నీ తీసి టాబ్‌లు పెట్టు అంది. క్షణంలో పదిహేను వందల పైచిలుకు కామాలు మారిపోయాయని తెర మీద పడింది. తర్వాత చుక్కలు. చుక్కలన్నీ తీసెయ్యి అంటే ఇంటిపేర్ల పొడి అక్షరాల చుక్కలు కూడా ఊడిపోతాయి. అందుకని వెనక టాబ్ ఉన్న చుక్కను మాత్రమే తియ్యి అంది. మూడు వందల ఎనభై ఆరు చుక్కలు పోయాయి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఇప్పుడు మళ్లీ రాతను పట్టికగా మార్చు. ఈసారి టాబ్ దగ్గర తెంపు.

తెర ఒక్కసారి తెల్లబడింది. మరుక్షణం పై నుంచి కిందికి గళ్లు జారుకుంటూ వచ్చాయి. నంబరు ఒక గడి, పేరు ఒక గడి, తండ్రి ఒక గడి, వయసు, వాడ, చెట్లు. ఆరుకు ఆరు. వసంత మౌసు చక్రం తిప్పుతూ ఉంటే మనుషులు వరుసకట్టి పోతున్నారు. పెద్ద షాపువాళ్లు రేపు సాయంత్రం దాకా పడుతుందన్న పని.

"గింతేనా?" అన్నాడు రాజనర్సు. "పొద్దుగాల్నించి నా నెత్తురు తాగింది గిదేనా?"

ప్రింటరు పదమూడు కాగితాలు ఇచ్చింది. టైము రెండు యాభై. రాజనర్సు సంఘం ముద్ర తీసి మూత విప్పాడు. వసంత ఆగమంది.

ఆమెకు ఒక అలవాటు ఉంది. వచ్చినవాళ్లు నవ్వినా మానదు. ఏ లిస్టు చేసినా, చేతిలోంచి పోయే ముందు వరుసలను వేలితో లెక్కపెడుతుంది. అంకెలు కళ్లముందే ఉన్నా సరే. ఆ లెక్క కూడా ఒకటి, రెండు అని కాదు, బీడీల లెక్క. బొటనవేలు ఐదైదుగా జారుతుంది, ఇరవై ఐదు కాగానే కట్ట. పెన్నుతో పక్కన ఒక గీటు. బీడీ కార్ఖానాలో కట్టకు ఒకటి తక్కువైతే కట్ట మొత్తం వెనక్కి విసిరేసేవాళ్లు. చిన్నప్పుడు రెండుసార్లు మొహాన పడిన ఆ కట్టలే ఈ అలవాటు నేర్పాయి.

"పదిహేను కట్టల మీద పదకొండు," అంది వసంత ఆఖరి కాగితం మీద వేలు ఆపి.

"అంటే ఎన్ని?"

"మూడు వందల ఎనభై ఆరు. సరిపోయింది మామా. ముద్రలెయ్యి."

రాజనర్సు ముద్ర గాల్లో ఆగింది. "మూడు వందల ఎనభై ఆరు ఎట్ల? మా ఆఖరు నంబరు మూడు వందల తొంభై ఒకటి గద. గది మా తమ్మునిదే."

వసంత ఆఖరి కాగితం మళ్లీ చూసింది. ఆఖరి గడిలో ఆయన తమ్ముని పేరే ఉంది. దాని పక్కన మాత్రం 386.

రాజనర్సు పొద్దుటి నుంచి మొదటి పేజీయే చూశాడు. ఆయన నంబరు 8. అది సరిగ్గానే ఉంది. 47లో దివాకర్ పేరు సుస్మిత ఎక్కించే ఉంటుందనుకున్నాడు. దివాకర్ వంగి రిజిస్టరు తెరిచాడు. 46 వరకు రిజిస్టరూ పట్టికా ఒకటే. రిజిస్టరులో 47 దగ్గర ఒక పేరు ఉంది, దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. అది దివాకర్ తండ్రి పేరు. పట్టికలో మాత్రం 47 గడిలో 48వ మనిషి కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి కింద ఒక్కొక్కరూ ఒక మెట్టు జరిగారు. 112 దగ్గర ఇంకో ఎర్ర గీత, రెండు మెట్లు. 203, 268, 340. ఆఖరికి వచ్చేసరికి ఐదు మెట్లు.

సుస్మితకు ఫోను చేశారు. ఆ పిల్ల తడుముకోలేదు. ఎర్ర గీత ఉన్నవాళ్లు చనిపోయారు, వాళ్ల పేర్లు కొట్టొద్దని నువ్వే కదా నాయినా చెప్పావు అంది. చెప్పింది నిజమే. ఆ పిల్ల పేర్లే టైపు చేసింది, నంబర్లు కంప్యూటరు వేసుకుంటూ పోయింది. చనిపోయిన మనిషి చోటు ఒకటి ఉంటుందని కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

ఆ ఊళ్లో నంబరు రిజిస్టరులో మాత్రమే ఉండదు. ప్రతి తాటిచెట్టు మొదట్లో, మనిషి ఛాతీ ఎత్తున, పెయింటుతో రాసి ఉంటుంది. ఎవరి నంబరు ఉన్న చెట్టు వాళ్లే ఎక్కాలి. తండ్రి నంబరు కొడుకుకు వస్తుంది. మనిషి పోతే పేరు మీద గీత కొడతారే గాని నంబరు బయటివాళ్లకు ఇవ్వరు, వరుసను ముందుకు జరపరు. ఈ పట్టిక ఇట్లాగే పోతే 47 నుంచి కింద ఉన్న మూడు వందల నలభై మంది కార్డుల మీద పక్కవాడి నంబరు పడుతుంది.

"సాంచ మీద పోగు తెగితే దాని సందు ఖాళీగనే ఉంటదక్కా," అన్నాడు దివాకర్ మెల్లగా. "పక్క పోగు జరిగచ్చి ఆ సందుల కూసోదు."

"గదే చేద్దాం," అంది వసంత. "సందులు పెడ్దాం."

వసంత నంబర్ల గడి మొత్తం పట్టుకుని అంకెలన్నీ తుడిచేసింది. రాజనర్సు అయ్యో అనబోయి ఆగాడు. ఆ ఖాళీ నిలువు గడికే మళ్లీ ఆటోమేటిక్ నంబర్లు వెయ్యమంది. ఇందాకటి దాకా పీడించిన ఆ నీడలే ఇప్పుడు కావాలి. ఎందుకంటే మధ్యలో ఒక వరుస చొప్పిస్తే కిందివన్నీ వాటంతటవే జరుగుతాయి. ముంచింది ఏదో తేల్చేదీ అదే.

ఒక్క షరతు. పై నుంచి కిందికే రావాలి. కింద మొదలుపెడితే కింది నంబర్లు ఇంకా తప్పులోనే ఉంటాయి, సందు తప్పు చోట పడుతుంది. దివాకర్ రిజిస్టరు చదవాలి, ఆమె తెర చూడాలి.

46 కింద ఒక ఖాళీ వరుస చొప్పించింది. కింద ఉన్న నంబర్లన్నీ ఒక్క ఊపున కదిలాయి.

"నలభై ఎనిమిది ఎవరు?"

"మునిగంటి పోశాలు."

"పోశాలే. పో ముందుకు."

111 కింద ఇంకోటి. నూట పదమూడు ఎవరు అంటే బుక్కులోనూ తెర మీదా ఒకే పేరు. 203. 204 సరిపోయింది. 268 దగ్గర దివాకర్ వేలు ఒక గీత కిందికి జారి తప్పు చదివాడు. మళ్లీ చదివితే సరిపోయింది. 340. ఆ వరుస చొప్పించి వసంత నేరుగా అడుక్కి దూకింది. ఆఖరి గడిలో రాజనర్సు తమ్ముడు. పక్కన 391.

"పదిహేను కట్టల మీద పదహారు," అన్నాడు రాజనర్సు. ఆ లెక్క ఆయనకు అప్పుడే ఒంటబట్టింది.

47వ ఖాళీ గడిలో వసంత దివాకర్ పేరు కొట్టింది. తండ్రి పేరు, వయసు 31, వాడ, చెట్లు 40. దివాకర్ తెర మీదికి వంగి ఒక్కో అక్షరం చూసి తల ఊపాడు. ప్రింటరు ఈసారి పద్నాలుగు కాగితాలు ఇచ్చింది. మూడు ముప్పై ఐదుకు వసంత టిఫిన్‌లోంచి రెండు ముద్దలు నిలబడే తిన్నది. ఆఫీసులో పెన్‌డ్రైవ్ గురించి ఏమన్నా అడిగితే తమకు నోరు పెగలదు, నువ్వూ రావాలని రాజనర్సు పట్టుబట్టడంతో షట్టరు దించింది.

మూడు నలభై ఐదుకు మెట్‌పల్లి నుంచి వచ్చిన బస్సు దొరికింది. సీటులో కూర్చున్నాక ముద్రలు వెయ్యలేదని రాజనర్సుకు గుర్తొచ్చింది. మోకాలి మీద రిజిస్టరు పెట్టుకుని బస్సు కుదుపుల్లోనే పద్నాలుగు ముద్రలు వేశాడు. మూడు ముద్రలు తలకిందులుగా పడ్డాయి. జగిత్యాలలో దిగి ఆటో ఎక్కి ఆఫీసు మెట్లెక్కేసరికి నాలుగు ముప్పై ఎనిమిది.

కౌంటర్లో ఉన్నావిడ మెడలో కార్డు మీద ప్రేమలత అని ఉంది. పొద్దుటి నుంచి ఎన్ని లిస్టులు చూసిందో, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పెన్‌డ్రైవ్ పెట్టి పట్టికను కింది దాకా జరిపి, చాలా బాగుంది అంది. తర్వాత కనుబొమ్మలు ముడిచింది. పేరు లేని వరుసలు నాలుగు ఉన్నాయి, ఖాళీ వరుసలను తీసుకోరు, తీసేస్తాను అని మౌసు మీద చెయ్యి పెట్టింది.

రాజనర్సు రిజిస్టరు, ఎర్ర గీతలు, చెట్లు, అన్నీ ఒకేసారి చెప్పబోయి ఏదీ చెప్పలేకపోయాడు. ఆమె గడియారం వైపు చూసింది.

"మేడం, తియ్యిండ్లి," అంది వసంత. "ఒక్కటే తియ్యిండ్లి. నూట పన్నెండు. తీసినంక దాని కింద చూడుండ్లి."

ప్రేమలత తీసేసింది. కింద ఉన్న నూట పదమూడో మనిషి పైకి జరిగి నూట పన్నెండు అయ్యాడు. వాడి వెనక అందరూ జరిగారు.

"గీయన చెట్ల మీద నూట పదమూడు అని పెయింటు ఉన్నది. రేపు మీ కార్డు పట్టుకోని నూట పన్నెండో చెట్టెక్కుతడు. గది సచ్చిపోయినాయనది. గీయన చెట్టేమో ఎనకాయన కార్డు మీద పడ్తది. చెట్టు మీదికి ఇద్దరు ఎక్కితే కిందికి ఎట్ల దిగుతరో మీరే జెప్పుండ్లి."

ప్రేమలత పట్టికను కింది దాకా జరిపి చూసింది. మౌసు మీది నుంచి చెయ్యి తీసింది. కంట్రోల్, జెడ్. నూట పన్నెండు ఖాళీ మళ్లీ తన చోట్లోకి వచ్చి కూర్చుంది, నూట పదమూడో మనిషి కిందికి దిగాడు.

"గడిల ఏదో ఒక అక్షరం ఉండాలె. ఉత్తగ ఉంటే సిస్టం తీసుకోదు," అంది ఆమె.

నాలుగు గళ్లలో 'ఖాళీ' అని కొట్టారు. కాగితాల మీద రాజనర్సు చేత్తో రాశాడు. ప్రేమలత 47 దగ్గర ఆగి, ఇదొక్కటి ఖాళీ లేదేమని అడిగింది. దివాకర్ తీర్మానం కాగితం ముందుకు జరిపి, నేనే మేడం అన్నాడు. ఆమె అతన్ని ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూసి, ముట్టినట్టు రసీదు మీద ముద్ర కొట్టింది. టైము నాలుగు యాభై మూడు.

బయటికి వచ్చాక రాజనర్సు చాయ్ తాగుదామన్నాడు. దివాకర్ వినిపించుకోలేదు. రసీదును ఫోటో తీసి ఇంటికి పంపుతున్నాడు.

సోమవారం పదకొండింటికి వసంత ఫోను మోగింది. మల్యాల దగ్గరి ఇంకో సంఘం కార్యదర్శి, పేరు పరశురాములు. రాజనర్సు ఆమె ఫోను నంబరు ఇచ్చాడట. వాళ్లను కూడా పట్టిక తెమ్మన్నారట, వాళ్లకు శుక్రవారం దాకా గడువు ఉందట. పేర్లు 614, నంబర్లు వేసి, కామాలు పెట్టి, కంప్యూటర్లో తయారుగా ఉన్నాయి, పంపితే ఎంతసేపట్లో చేస్తావని అడిగాడు.

చెయ్యడానికి అరగంట చాలంది వసంత. ముందు రిజిస్టరు తెరిచి ఎర్ర గీతలెన్ని ఉన్నాయో చెప్పమంది.

ఆయనకు అర్థం కాలేదు గాని పోయి చూశాడు. పేజీలు తిప్పుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"ఇరవై మూడు," అన్నాడు.